నీటిగీత కింద

తుఫాను వెళ్ళిన పదో రోజు ఉదయం మా ఇంటి గోడల మీద నీటిగీత ఉంది. మా ఇంటికి నీళ్ళు రాలేదు. సముద్రం ఇక్కడికి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. పైగా నేను ఉండేది మొదటి అంతస్తులో.

ఎమ్మెల్యే కాకముందు పద్దెనిమిదేళ్ళు లెక్కల టీచర్ని. కాబట్టి టేపు తెచ్చి కొలుస్తాను. హాల్లో నాలుగడుగుల ఒక అంగుళం. వంటింట్లో నాలుగడుగుల ఒక అంగుళం. పూజగదిలో కూడా అంతే, దేవుడి పటాలకి మినహాయింపేమీ లేదు. గీత కింద గోడ బురదరంగులో ఉంది, పైన తెల్లగా ఉంది. గీత పొడవునా సరుగుడు ఆకులు అంటుకుని ఉన్నాయి. మా వీధిలో సరుగుడు చెట్లు లేవు.

ఆ ఎత్తు నాకు తెలుసు. నూకరేవు నా నియోజకవర్గంలో చివరి ఊరు, దాని తర్వాత సముద్రమే. అక్కడి తుఫాను షెల్టరు పదడుగుల స్తంభాల మీద ఉంటుంది. మెట్లెక్కి పైకి వెళితే ఇనుపతలుపు. ఆ తలుపు మీద నీటిగీత నాలుగడుగుల ఒక అంగుళం దగ్గర ఉంది. ఆ రోజు తలుపుకి తాళం వేసి ఉంది, దాని ముందు ఇరవై ముగ్గురు పోయారు.

తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

అది ఉండాల్సిన చోటు వేరే. నూకరేవులో షెల్టరు తాళంచెవిని గంగమ్మ గుడి గోడకి, బయటివైపు, ఒక మేకుకి తగిలిస్తారు. ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకోవచ్చు. పాతికేళ్ళుగా దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. నేను వెళ్ళి తీసేశాను. షెల్టర్లో అరవై కుట్టుమిషన్లు పెట్టించాను, మంత్రిగారు వచ్చి పంచిపెట్టేదాకా అవి భద్రంగా ఉండాలి. వాచ్‌మన్ సూరాడ దానయ్యతో, ఇది నా దగ్గరుందని ఎవరికీ చెప్పకు, అవతలి పార్టీవాళ్ళు యాగీ చేస్తారు అన్నాను. సరేనమ్మా అన్నాడు. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదింటికి నా పీఏ త్రినాథ్ వస్తాడు. గోడల వంక ఒకసారి చూసి పెయింటర్‌కి ఫోన్ చేస్తాడు. పెయింటర్ వచ్చి రెండు కోటింగులు వేస్తాడు. రంగు ఆరకముందే గీత దాని మీదికి వస్తుంది, అదే ఎత్తులో. పెయింటర్ చొక్కా మీద కూడా వస్తుంది.

"గోడకి రంగేస్తానండి. గీతకెయ్యలేను," అని బకెట్ తీసుకుని వెళ్ళిపోతాడు.

అద్దంలో చూసుకుంటే గీత నా మీద కూడా ఉంది. భుజం కింద నుంచి అడ్డంగా పోతుంది, చీర అంచంత వెడల్పు. సబ్బుతో రుద్దుతాను. చర్మం ఎర్రబడుతుంది, గీత మాత్రం ఉంటుంది. సరే, ఉండనీ అనుకుని ఆఫీసు గదిలోకి వెళతాను.

పదింటికి జనం వస్తారు. గీతకి కింద ఉన్నదంతా నీళ్ళలో ఉన్నట్టేనని అప్పుడు తెలుస్తుంది. నేల పొడిగానే ఉంది, ఫైళ్ళు తడవలేదు. కానీ కుర్చీలో కూర్చున్నవాళ్ళు నోరు తెరిస్తే మాటకి బదులు బుడగలు వస్తాయి. బుడగలు గీత దాకా వచ్చి చిట్లిపోతాయి.

నిలబడ్డవాళ్ళ మాటలు శుభ్రంగా వినిపిస్తాయి. ఇంజనీరు నిలబడి, ఇంత ఉప్పెన వందేళ్ళకి ఒకసారి వస్తుంది మేడమ్, ఎవరేం చెయ్యగలరు అంటాడు. మండల నాయకుడు నిలబడి, ప్రకృతి ముందు మనమెంత అంటాడు. ఇద్దరూ ఆరడుగుల మనుషులు. ముసలమ్మలు, బాలింతలు, కాలు విరిగి కట్టు కట్టించుకున్నవాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. గది నిండా బుడగలే. నేను నా బల్ల వెనక నిలబడే ఉన్నాను.

"నిలబడి మాట్లాడమని చెప్పు," అంటాను త్రినాథ్‌తో.

"చెప్పాను మేడమ్. నిలబడలేమంటున్నారు. అంటే, అలా అంటున్నారనే అనుకుంటున్నాను."

తర్వాత అతను నా చెవి దగ్గరికి వంగుతాడు. "ఒక మంచి మాట మేడమ్. తాళంచెవి దానయ్య పారేసుకున్నాడని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు. మధ్యాహ్నం మూడింటికి కులపంచాయితీ పెట్టి అతన్ని వెలేస్తారట. మన దాకా రాదు. సర్దుకుపోయినట్టే."

నాకు ఒళ్ళు మండిపోతుంది. త్రినాథ్ మీద కాదు. నేను పది రోజులుగా చూపించిన ముఖాన్ని చూసే అతనికి ఇది మంచి మాట అనిపించింది. నా ముఖమే అలా ఉంది.

దానయ్య మూలగా నేల మీద కూర్చుని ఉన్నాడని అప్పుడు చూస్తాను. ఎప్పుడు వచ్చాడో తెలియదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, గొంతుక్కూర్చున్నాడు, తువ్వాలు మోకాళ్ళ మీద ఉంది. నా వంక చూస్తూ నోరు కదుపుతాడు. సన్నని బుడగలు వరసగా లేస్తాయి.

"దీవిస్తున్నాడు మేడమ్," అంటాడు త్రినాథ్.

నేను కుర్చీ వెనక్కి జరిపి నేల మీద కూర్చుంటాను. ఆ గదిలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను, నేల మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. గీత నా తల పైకి వెళ్ళిపోతుంది. చెవులు మూసుకుపోయి, తెరుచుకుంటాయి. జడ పైకి తేలుతుంది. త్రినాథ్ ఏదో అంటున్నాడు గానీ ఎక్కడో గట్టు మీద నుంచి అంటున్నట్టుంది. కింద మాత్రం అంతా స్పష్టంగా ఉంది. ముసలమ్మలు మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ తన మనవడి పేరు చెప్పి, ఆ పేరే మళ్ళీ చెబుతోంది.

"ఎవులికీ సెప్పనేదమ్మా," అంటాడు దానయ్య. "ఆ మాటకే వచ్చినాను. నాను నోరు జారతాననుకుని మీరు బెంగెట్టుకుంటారని."

"వెలేస్తారటగా నిన్ను."

"ఏస్తారు. మరి మేకుకి తాళంచెవి నేదు కదా. నాను గదా సూసుకోవాల." తువ్వాలు మడత పెట్టుకుంటాడు. "ఇప్పుడది ఇచ్చీయండమ్మా. పట్టుకెళ్ళి ఇసకలో దొరికినాదని సెప్తాను. అక్కడితో అయిపోద్ది."

నాకు సిగ్గేస్తుంది. సిగ్గుతో పాటు, ఒక్క క్షణం, హాయిగా కూడా అనిపిస్తుంది. ఆ హాయి సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. బ్యాగు తెరిచి తాళంచెవి తీసి అతని చేతిలో పెడతాను.

అతను గుప్పిట మూసి లేచి గుమ్మం దాకా వెళ్ళి గుప్పిట తెరుస్తాడు. ఖాళీ. తాళంచెవి నా చేతిలో ఉంది, తడిగా. మళ్ళీ ఇస్తాను. మళ్ళీ నా చేతికే వస్తుంది. మూడోసారి అతను దాన్ని తువ్వాలు కొసకి ముడి వేసుకుంటాడు. ముడి ముడిలాగే ఉంటుంది, తాళంచెవి నా చేతిలో ఉంటుంది. ఒకప్పుడు పిల్లలకి, మూడు ఉదాహరణలు చూపిస్తే రుజువైనట్టు కాదని చెప్పేదాన్ని. అందుకని నాలుగోసారి కూడా ఇచ్చి చూస్తాను.

"మీతోనే ఉంటానంటాది," అంటాడు దానయ్య.

"అవును. పద, నేను కూడా వస్తాను."

కారు త్రినాథ్ నడుపుతాడు. నేను పక్కన కూర్చుంటాను, దానయ్య వెనక కూర్చుంటాడు. ఊరు దాటగానే కిలోమీటరు రాయి వస్తుంది. నూకరేవు 38. రోడ్డుకి అటూ ఇటూ కరెంటు స్తంభాలు పొలాల్లోకి ఒరిగిపోయి ఉన్నాయి.

"పంచాయితీలో నాలుగు మాటలు చెప్పి వచ్చేద్దాం మేడమ్. రేపు అసెంబ్లీ కోసం రాసిందే పనికొస్తుంది," అని త్రినాథ్ స్టీరింగ్ పట్టుకునే వల్లిస్తాడు. "ప్రకృతి వైపరీత్యానికి బలైన అమాయకుల ఆత్మలకు..."

తర్వాతి రాయి మీద నూకరేవు 41 అని ఉంది.

అతను గమనించడు. "విధి ఆడిన ఈ వింత నాటకంలో..." నూకరేవు 46.

"త్రినాథ్, నోరు మూసుకో," అంటాను. టీచరుగా ఉన్నప్పుడు ఈ మాట రోజుకి పదిసార్లు అనేదాన్ని. ఎమ్మెల్యే అయ్యాక ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకు మానేశానో.

కారు అరవై స్పీడులో పోతుంది, రాయి మాత్రం 46 దగ్గరే ఆగి ఉంది. రాయి తర్వాత రాయి, అన్నిటి మీదా అదే. ఈ లెక్క నాకు అర్థమవుతుంది. కష్టమైనదేమీ కాదు. అద్దంలోకి చూస్తూ, గట్టిగా, ముందు వెనక కూర్చున్న ఇద్దరికీ వినపడేట్టు చెబుతాను.

"మేకు మీద నుంచి తాళంచెవి తీసింది నేను."

నూకరేవు 30.

"మనుషుల కోసం కట్టిన గదిలో అరవై కుట్టుమిషన్లు పెట్టించింది నేను."

నూకరేవు 19.

"మంత్రిగారి డేటు దొరకలేదని రెండు నెలలు వాటిని పంచకుండా ఆపింది నేను. కావాలంటే మర్నాడే పంచెయ్యొచ్చు. అప్పుడు ఫోటోలో మంత్రిగారు ఉండరు."

నూకరేవు 8.

"పాత తాళం నాసిరకమని కొత్తది వేయించి, దాని చెవి నా దగ్గరే పెట్టుకున్నాను. గడ్డపారతో కొట్టినా ఊడదు అని షాపువాడు చెప్పాడు. సంతోషించాను."

నూకరేవు 1.

త్రినాథ్ కారు నడుపుతూనే ఉన్నాడు. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. రోడ్డు సరుగుడు తోపు మధ్య నుంచి పోతుంది. చెట్లన్నీ ఒకే వైపుకి విరిగి ఉన్నాయి. రాయి వస్తుంది, నూకరేవు 1. తోపు అయిపోతుంది, మళ్ళీ తోపు వస్తుంది. నూకరేవు 1. అరగంట గడుస్తుంది. మూడు కావడానికి ఇక పది నిమిషాలే ఉంది.

చిన్నాచితకా అన్నీ చెబుతాను. తుఫాను మర్నాడు భోజనం చేశానని చెబుతాను. రెండో రోజు రాత్రి బాగా నిద్ర పట్టిందని చెబుతాను. నూకరేవు 1.

"ఫోనమ్మా," అంటాడు దానయ్య వెనక నుంచి, కిటికీలోంచి చూస్తూ.

ఇది తెలిసిన మనిషి భూమ్మీద నేనొక్కదాన్నే అనుకున్నాను. ఫోన్ చేసినవాడికి కూడా తెలుస్తుందని నా లెక్కలోకి రాలేదు.

"తుఫాను రోజు సాయంత్రం నాలుగు పదికి దానయ్య ఫోన్ చేశాడు," అంటాను త్రినాథ్‌తో. "రాజధానిలో ఉన్నాను. పేరు చూశాను. మంత్రిగారు పక్కనే మాట్లాడుతున్నారు. ఫోను బోర్లా పెట్టాను."

కారు నెమ్మదిస్తుంది గానీ ఆగదు.

"నాదీ ఒకటుంది," అంటాడు దానయ్య. "మీరు ఫోనెత్తనేదని నాను సెప్పనేదమ్మా. ఎత్తినారు, తాళం ఇరగ్గొట్టీడానికి మనుసుల్ని పంపుతున్నారు, అమ్మగారే వత్తన్నారు అని సెప్పినాను. అందరూ ఇస్కూలు మేడ మీదకి పోదుమన్నారు. నానే ఆపినాను. మెట్ల మీద కూకోండి, వత్తారు అన్నాను. అయిదింటికి ఉప్పెనొచ్చీసినాది."

"ఎందుకన్నావు?"

"వత్తారనే అనుకున్నాను." అతను ఆలోచిస్తాడు. "ఓట్లప్పుడు వానలో వచ్చినారు కదా. మోకాల్లోతు నీల్లలో నడిసీసి, ఇంటింటికీ. ఆ వానలో వచ్చినోరు ఈ వానలో ఎందుకు రారు?"

ఆ రోజు నడిచినందుకు నాకు మూడు వందల ఓట్లు ఎక్కువ వచ్చాయి. బళ్ళు రావడం లేదని అప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. వాళ్ళు దాన్ని మాట ఇవ్వడం అనుకున్నారు. వాళ్ళు అనుకున్నదే సరైనది.

తర్వాతి రాయి మీద సున్నా ఉంది. కారు దిగుతాం.

నూకరేవులో సగం ఇళ్ళు లేవు. లేని ఇళ్ళ గుమ్మాల దగ్గర కూడా జనం వంగి లోపలికి వెళుతున్నారు, వంగి బయటికి వస్తున్నారు. ఇసక మీద పంచాయితీ కూర్చుని ఉంది. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. కులపెద్ద మైలపిల్లి పోలయ్య బోర్లించిన తెప్ప మీద కూర్చున్నాడు. కుర్చీ ఒక్కటే ఉంది, అది నా కోసం తెచ్చి వేస్తారు.

ఇక్కడి పంచాయితీకి ఒక పద్ధతి ఉంది. ఈ ఊరివాళ్ళు అలివి వల లాగుతారు. పెద్ద వల, సముద్రంలో అర్ధచంద్రంలా వేసి రెండు తాళ్ళ కొసలు ఒడ్డుకి తెస్తారు, రెండు జట్లు రెండు కొసలు పట్టుకుని లాగుతాయి. ఎవరి మీదనైనా తప్పు వస్తే ఆ వల తాడు ఒక కొస అతని చేతికి ఇస్తారు. రెండో కొస ఇసకలో పడి ఉంటుంది. ఆ తప్పులో తనకీ భాగం ఉందనుకున్నవాళ్ళు వచ్చి దాన్ని పట్టుకోవాలి. ఎవరూ రాకపోతే, తాడు పట్టుకున్నవాడికి ఆ ఊళ్ళో తెప్ప లేదు, నిప్పు లేదు, మంచినీళ్ళు లేవు.

దానయ్య వెళ్ళి తన కొస పట్టుకుని నిలబడతాడు. ఎవరూ అడక్కముందే.

"నా కాలంలో రెండో కొస ఎవులూ పట్టుకోగా సూణ్ణేదు," అంటాడు పోలయ్య నాతో, సభామర్యాదగా. "మీరు కూకోండమ్మా. గడియలో అయిపోద్ది."

నేను ఇసకలో కూర్చుంటాను. త్రినాథ్ కుర్చీ చూపిస్తున్నాడు, చూపించనీ. ఇక్కడ అందరూ గీతకి కిందే ఉన్నారు, ఎవరి మాట అయినా వినిపిస్తుంది. నాకు భయంగా ఉంది. కారులో చెప్పినవి చెబుతాను. మేకు, మిషన్లు, మంత్రిగారి డేటు, తాళం, ఫోను. అయిదు వాక్యాలు. ప్రతి వాక్యానికీ కర్త నేనే. 'జరిగింది', 'అయిపోయింది' అనే క్రియలు ఎంత సుఖంగా ఉంటాయో, వాటిని వాడకుండా ఉన్నప్పుడు తెలుస్తుంది.

ఎవరూ అరవరు. అరిస్తే బాగుండును. ఆడవాళ్ళలోంచి గరికిన కొర్లమ్మ లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది. ఆమె కూతురు రామలక్ష్మికి పదిహేడేళ్ళు. మిషను కోసం పేరు రాయించుకున్న పిల్ల. ఆ తలుపు ముందు ఉన్న ఇరవై ముగ్గురిలో ఉంది.

"ఫోను బోర్లెట్టినాక ఏటి సేసినావు?" అంటుంది.

"కాఫీ తాగాను."

"సల్లారిపోనాదా?"

"లేదు. వేడిగానే ఉంది."

ఆమె తల ఊపుతుంది. ఆమె తెలుసుకోవాలనుకున్నది అదేనని, దాన్ని మరెవరూ ఆమెకి చెప్పలేరని అర్థమవుతుంది. చెయ్యి చాస్తుంది. తాళంచెవి ఇస్తాను. ఈసారి వెనక్కి రాదు. ఆమె దాన్ని ఇసకలో పెట్టి దాని మీద కూర్చుంటుంది.

"దానయ్య మావనొక్కణ్ణీ అలగ నిలబెట్టీకు," అంటుంది. "తాడు పట్టుకో."

లేచి రెండో కొస పట్టుకుంటాను.

తాడు నా దగ్గర నుంచి దానయ్య దగ్గరికి పోవాలి. అలా పోవడం లేదు. రెండు కొసలూ సముద్రంలోకి పోతున్నాయి. ఇవాళ వల వేసినవాళ్ళెవరూ లేరు, తెప్పలన్నీ ఒడ్డునే విరిగి ఉన్నాయి. అయినా తాడు బిగుస్తుంది. అవతల చాలా బరువైనది ఉంది, అది కదులుతోంది.

"లాగండి," అంటాడు దానయ్య, రోజూ అనేవాడిలాగే.

లాగుతాం. మడమలు ఇసకలో దిగబడతాయి. ఆరడుగులు తాడు వస్తుంది, నాలుగడుగులు వెనక్కి పోతుంది. అరచేతులు చీరుకుపోతాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా వెనక పట్టుకుంటారు, నా మీద దయతో కాదు, బరువు ఉంది కాబట్టి. మగవాళ్ళు దానయ్య వెనకకి వెళతారు. పోలయ్య తెప్ప దిగి వస్తాడు. త్రినాథ్ చాలాసేపు కుర్చీ పక్కనే నిలబడి చూస్తాడు. తర్వాత బూట్లు విప్పి, మేజోళ్ళు వాటిలో దోపి, ప్యాంటు మడిచి, నా ముందు తాడు పట్టుకుంటాడు.

నాకు ఏడుపొస్తుంది. కొర్లమ్మ నా వెనకే ఉంది.

"ఏడవకు," అంటుంది. "ఏడిస్తే సెయ్యి జారతాది. లాగు."

ఏడుపు ఆపి లాగుతాను. రేపు అసెంబ్లీలో ఈ అయిదు వాక్యాలే చెబుతాను. ఆ తర్వాత నా పదవి ఉంటుందో ఊడుతుందో ఆలోచించడానికి ఇప్పుడు చేతులు ఖాళీగా లేవు.

ఎండ వాలుతుండగా వల అంచు కనిపిస్తుంది. దానిలో చేపలు లేవు. దానిలో తుఫాను రోజు సాయంత్రం ఉంది. మొత్తం సాయంత్రం, బూడిదరంగులో, ఊరంత పొడుగున, తన గాలితో, తన మబ్బులతో సహా. అది ఉన్న చోట ఇప్పుడు సముద్రంలో పెద్ద గొయ్యి ఉంది. దాని అడుగున ఇసక పొడిగా ఉంది, ఆ ఇసక మీద ఎవరో వరసగా చేపలు ఎండబెట్టారు.

మొదటి నిమిషాలు ఒడ్డుకి వస్తాయి. చెయ్యి పెట్టి చూస్తాను. వెచ్చగా ఉన్నాయి. దూడ డొక్కలాగా ఎగిసి పడుతున్నాయి. మెల్లగా పట్టుకోండి, చిరిగిపోతాయి అని కొర్లమ్మ అందరికీ చెబుతుంది. సాయంత్రంలో ఎక్కువ భాగం ఇంకా నీళ్ళలోనే ఉంది, అలలు దాన్ని అటు గుంజుతున్నాయి.

పక్కూళ్ళ నుంచి మనుషులు వస్తున్నారు, వచ్చినవాళ్ళు వచ్చినట్టే తాడు పట్టుకుంటున్నారు. మేము కాళ్ళు మార్చి నిలబడి, ఆ రోజు అయిదు గంటల వేళ కోసం లాగుతున్నాం.